చెమట ఎవరిది, రీలు ఎవరిది

అరెతా ఫ్రాంక్లిన్ పియానో ముందు కూచుని పాడుతోంది. మొహం నిండా చెమట. చిన్న చర్చి, కిక్కిరిసిన జనం, పైనుంచి సినిమా లైట్ల వేడి. జనంలోంచి వాళ్ల నాన్న లేచొచ్చాడు. సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో పేరుమోసిన పాస్టరు. జేబురుమాలు తీసి, పాట సాగుతుండగానే, కూతురి మొహం తుడిచాడు. ఆమె ఆపలేదు. పాడుతూనే ఉంది.

'అమేజింగ్ గ్రేస్' సినిమాలో ఇది కొద్ది క్షణాల ముచ్చట. చూసిన ప్రతిసారీ నేనక్కడ ఆగిపోతాను. ఆ గొంతు గురించి చెప్పడానికి లోకంలో చాలామంది ఉన్నారు. నాకు ఆ చెమట గురించి మాట్లాడాలని ఉంది. కచేరీల మీద తీసిన సినిమాలు వందలున్నాయి. వాటిల్లో వెలుగులుంటాయి, పొగ ఉంటుంది, కేకలుంటాయి. పాడటమంటే పని అని, పని చేస్తే ఒళ్లు అలుస్తుందని, ఆ పనికి కూలీ ఉంటుందని, ఆ కూలీని ఎవరో ఒకరు ఎగ్గొడుతుంటారని గుర్తు చేసేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నల్లవాళ్ల పాట గురించి తెల్ల అమెరికా తరతరాలుగా ఒకే మాట చెబుతూ వచ్చింది. లయ వాళ్ల నెత్తురులోనే ఉంది, పాట వాళ్లకి పుట్టుకతోనే వస్తుంది అని. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. కానీ ఈ మెచ్చుకోలు లోపల ఒక లెక్క ఉంది. పుట్టుకతో వచ్చినదానికి సాధన అక్కర్లేదు. సాధన లేనిది పని కాదు. పని కానిదానికి కూలీ ఇవ్వక్కర్లేదు. కాయ కాసినందుకు మామిడిచెట్టుకి ఎవరైనా డబ్బిస్తారా? తోట ఎవరిదో వాడికిస్తారు. అమెరికా రికార్డు కంపెనీల చరిత్రలో చాలా భాగం ఈ తోట యజమానుల చరిత్రే. పాడినవాడి చేతిలో ఆ పూటకి కొంత పెట్టి, పాట మీద హక్కు రాయించుకుని పంపేసిన కథలు బ్లూస్ కాలం నుంచీ కోకొల్లలు.

ఈ 'నెత్తురులోనే ఉంది' అనే మాట మాకూ కొత్త కాదు. ఖవ్వాలీ మీవాళ్ల రక్తంలోనే ఉందండీ అని నాతో అన్నవాళ్లు చాలామందే. ఉర్సు రాత్రి తెల్లవార్లూ చప్పట్లు కొట్టి అరచేతులు వాచిపోయిన వెనకవరస కుర్రాడు ఎన్నేళ్లు ఉస్తాద్ దగ్గర తిట్లు తిన్నాడో, తెల్లారాక అతని చేతికి ఎంతొచ్చిందో మాత్రం ఒక్కరూ అడిగింది లేదు. అందుకే అమెరికా సినిమా చూస్తున్నా నా కన్ను వెనకవరస మీదికే పోతుంది. అంతకుమించి పోలిక పెట్టను. వాళ్ల చరిత్ర వాళ్లది, బానిసత్వంలోంచి నడిచొచ్చింది. దాన్ని మన బాధకి ఉపమానంగా వాడుకోవడం కూడా ఒకరకం దోపిడీయే.

ఒక్క 1969 సంవత్సరాన్నే తీసుకుందాం. ఆ ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాల రైతు పొలంలో వుడ్‌స్టాక్ జరిగింది. మరుసటేడు దాని సినిమా వచ్చింది. ఆస్కార్ గెలిచింది. ఆ సినిమా చూసిన తరానికి ఆ కొద్దిరోజులే తమ యవ్వనం అనిపించింది. డిసెంబరులో కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ అనేచోట రోలింగ్ స్టోన్స్ కచేరీ. నల్లవాళ్ల బ్లూస్ విని పాట నేర్చుకున్న తెల్ల బ్యాండు అది. వేదిక దగ్గర కాపలాకి హెల్స్ ఏంజెల్స్ అనే మోటారుసైకిల్ ముఠా ఉంది. మెరిడిత్ హంటర్ అనే 18 ఏళ్ల నల్ల కుర్రాణ్ని ఆ ముఠావాడొకడు కత్తితో పొడిచి చంపాడు. హంటర్ చేతిలో పిస్తోలు ఉంది. కోర్టు ఆత్మరక్షణ అని పొడిచినవాణ్ని వదిలేసింది. 1970లో వచ్చిన 'గిమ్మీ షెల్టర్'లో ఆ చావుని ఎడిటింగ్ యంత్రం మీద వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపి చూపిస్తారు. సినిమాగా గట్టిదే, కాదనను. కానీ అందులో నల్ల శరీరం మీద కెమెరా మనసుపెట్టి నిలిచింది రెండే చోట్ల. టీనా టర్నర్ పాడుతున్నప్పుడు, ఆబగా. హంటర్ చచ్చిపోతున్నప్పుడు, విచారణ చేస్తున్నట్టు.

అదే ఏడాది ఎండాకాలం, న్యూయార్క్ నగరంలో నల్లవాళ్ల పేట హార్లెంలో, మౌంట్ మారిస్ పార్కులో జూన్ 29 నుంచి ఆగస్టు 24 దాకా ఆరు ఆదివారాలు హార్లెం కల్చరల్ ఫెస్టివల్ జరిగింది. టికెట్టు లేదు. మొత్తం మీద మూడు లక్షల మంది వచ్చారని అంచనా. స్టీవీ వండర్, బి.బి. కింగ్, నీనా సిమోన్, స్లై స్టోన్, మహేలియా జాక్సన్ - ఎవరు రాలేదు గనక! టోనీ లారెన్స్ అనే గాయకుడు నగర మేయర్‌ని ఒప్పించి, ఒక కాఫీ కంపెనీతో డబ్బు పెట్టించి దీన్ని నిలబెట్టాడు. హాల్ టుల్చిన్ అనే టీవీ దర్శకుడు సుమారు 40 గంటల టేపు తీశాడు. లైట్లకి డబ్బుల్లేవు. అందుకని వేదికని పడమటి ముఖంగా కట్టారు, మధ్యాహ్నపు ఎండ పాడేవాళ్ల మొహాల మీద పడేలా. లైట్లు చేయాల్సిన పని సూర్యుడి చేత చేయించారన్నమాట.

వుడ్‌స్టాక్ సినిమాకి లోకం తలుపులు తెరిచింది. హార్లెం టేపులకి కొనేవాడు దొరకలేదు. ఇంట్లో నేలమాళిగలో అవి యాభై ఏళ్లు పడి ఉన్నాయి. 2017లో టుల్చిన్ పోయాడు. 2021లో క్వెస్ట్‌లవ్ - ఈయన ద రూట్స్ బ్యాండులో డ్రమ్మర్ - వాటిని 'సమ్మర్ ఆఫ్ సోల్' అనే సినిమాగా కట్టాడు. మరుసటేడు దానికీ ఆస్కార్ వచ్చింది.

ఇక్కడొక సంగతి సరిగ్గా చెప్పుకోవాలి. ఈ సినిమా ప్రచారమంతా 'ఎవరూ చూడని టేపులు' అనే కథ మీద నడిచింది. పూర్తిగా నిజం కాదు. 1969లోనే ఈ ఉత్సవం మీద గంట గంట కార్యక్రమాలు రెండు టీవీలో వచ్చాయి. అంటే అమెరికాకి ఈ సంగతి తెలీక కాదు. రుచి చూసింది, చాలనుకుంది. పోగొట్టుకున్నది దొరికిందనే కథలో తప్పు ఎవరిదీ కాదు. తెలిసీ వద్దనుకున్నారనే కథలో వద్దన్నవాళ్లు ఉంటారు. రెండో కథే నిజానికి దగ్గర. సినిమాకి మొదటిదే ఇష్టమైంది, అమ్ముడుపోవడానికి అది తేలిక.

ఈ ఒక్కటీ పక్కన పెడితే, పనిని చూపించడం తెలిసిన సినిమా ఇది. దర్శకుడు వాద్యగాడు కావడం వల్లే అనుకుంటాను. సినిమా మొదట్లోనే స్టీవీ వండర్ డ్రమ్స్ ముందు కూచుంటాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. ఆ వాయింపుకి క్వెస్ట్‌లవ్ ముందువరసలోనే చోటిచ్చాడు. ఒక డ్రమ్మర్ ఇంకో డ్రమ్మర్‌కి ఇచ్చిన మర్యాద అది.

ఇంకో చోట మహేలియా జాక్సన్, మావిస్ స్టేపుల్స్ కలిసి పాడతారు. మార్టిన్ లూథర్ కింగ్‌కి ఎంతో ఇష్టమైన ప్రార్థనా గీతం. 1968 ఏప్రిల్ 4న తుపాకీ పేలడానికి కాస్త ముందు, ఆ రాత్రి సభలో ఇది వాయించమని ఆయన ఒక సంగీతకారుణ్ని అడిగాడు. ఏడాది తిరిగాక హార్లెంలో అదే పాట. మహేలియాకి ఆ రోజు ఒంట్లో బాగోలేదు, నువ్వు సాయం పట్టవమ్మా అని మావిస్‌ని అడిగింది. ముసలైన మావిస్ ఆ సంగతిని నేటి తెర మీద చెబుతూంటుంది, అటు పడుచు మావిస్ పాట ఎత్తుకుంటూంటుంది. తర్వాత మైకు మహేలియా చేతికి వస్తుంది, మళ్లీ మావిస్‌కి. ఇద్దరూ గొంతు చించుకుంటారు. వింటుంటే అది పాటా ఏడుపా తెలీదు. కానీ ఆ మైకు చేతులు మారే తీరు గమనించండి. ఎక్కడ ఒకరు వదలాలో, ఎక్కడ ఇంకొకరు అందుకోవాలో ఇద్దరికీ తెలుసు. రక్తంలో ఉన్నంతమాత్రాన అది రాదు. ఆదివారం తర్వాత ఆదివారం, చర్చి తర్వాత చర్చి పాడితే వస్తుంది.

నాకు నచ్చనిది కూడా చెబుతాను. చాలా పాటల్ని ఈ సినిమా సగంలో మాటలతో కప్పేస్తుంది. చరిత్ర చెప్పాలనే తొందర. పాట ఊపందుకోగానే ఎవరో ఒకరు వచ్చి ఆ రోజుల్లో ఇలా ఉండేది అని మొదలెడతారు. చరిత్ర అవసరమే. కానీ యాభై ఏళ్లు నోరు నొక్కిన పాటని బయటికి తీసి మళ్లీ మధ్యలో ఆపడమేంటి? అందరి మాటలూ అలా అడ్డంపడవనుకోండి. ఫిఫ్త్ డైమెన్షన్ బృందంలో పాడిన మారిలిన్ మెకూ తన పాత టేపు చూస్తూ కన్నీళ్లు పెట్టుకుంటుంది. వాళ్ల పాట తెల్లవాళ్ల పాటలా ఉందని, వీళ్లు నల్లవాళ్లే కాదన్నట్టు మాట్లాడేవారట. అందుకే హార్లెం జనం ముందు నిలబడి పాడటం వాళ్లకంత ముఖ్యమైంది. నువ్వు మాలో ఉన్నావా లేవా అని సొంతవాళ్లే పరీక్ష పెట్టడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ కన్నీళ్లు విడమరిచి చెప్పక్కర్లేదు.

హార్లెం తర్వాత మూడేళ్లకి లాస్ ఏంజెలెస్‌లో వాట్‌స్టాక్స్ జరిగింది. ఆ నగరంలో వాట్స్ అనే నల్లవాళ్ల పేట 1965 ఆగస్టులో తిరగబడింది. 34 మంది చనిపోయారు. ఏడేళ్ల తర్వాత, 1972 ఆగస్టు 20న, స్టాక్స్ రికార్డు కంపెనీ కొలీజియం స్టేడియంలో పొద్దస్తమానం కచేరీ పెట్టింది. టికెట్టు ఒక్క డాలరు. లక్షమందికి పైగా వచ్చారు. కంపెనీ పగ్గాలు అప్పటికి ఆల్ బెల్ అనే నల్ల వ్యాపారి చేతిలో ఉన్నాయి. సినిమా దర్శకుడు మెల్ స్టువర్ట్ తెల్లవాడే, కానీ సిబ్బందిలో ఎక్కువమంది నల్లవాళ్లు. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో ఇది మామూలు సంగతి కాదు. తేడా తెరమీద తెలుస్తుంది. కెమెరా వేదిక మీద ఎంతసేపుంటుందో క్షౌరశాలల్లో, హోటళ్లలో, అరుగుల మీద అంతసేపు ఉంటుంది. కచేరీకి వచ్చినవాళ్ల జుట్టు, టోపీలు, నడక, పిల్లల్ని ఎత్తుకున్న తీరు - అన్నీ చూస్తుంది. పోలీసు కన్ను కాదు, పర్యాటకుడి కన్ను కాదు. తనవాళ్ల పెళ్లికెళ్లినవాడి కన్ను.

ఇందులో రూఫస్ థామస్ చేసిన పని ఒకటుంది. పాట ఊపులో జనం కంచె దూకి ఫుట్‌బాల్ మైదానంలోకి దిగిపోయారు. గడ్డి పాడైతే చిక్కు. గులాబీరంగు పొట్టినిక్కరు, భుజాల మీద వస్త్రం వేసుకున్న యాభై దాటిన ఆ మనిషి మైకు పట్టుకుని, హాస్యమాడుతూ, దెప్పుతూ, బతిమాలుతూ వేలమందిని మళ్లీ మెట్లమీదికి ఎక్కించాడు. లాఠీ లేదు. ఒక్క మొండివాడు గొడుగు పట్టుకుని మైదానంలోనే ఆడుతుంటే వాణ్ని కూడా నవ్వించే పంపాడు. ఈ విద్య ఏ సంగీత కళాశాలా నేర్పదు. గుడారాల ప్రదర్శనల్లో కుర్రతనం నుంచి జనాన్ని ఆడించినవాడికే చేతనవుతుంది.

ఆఖర్న ఐజాక్ హేస్ వస్తాడు. ఒంటినిండా బంగారు గొలుసులు. సంకెళ్లని నగలు చేసుకున్నాడని చాలామంది రాశారు, నిజమే. కానీ సినిమా విడుదలయ్యే వేళకి ఇంకో సంకెల బయటపడింది. అతను ఆ రోజు పాడినవి 'షాఫ్ట్' సినిమాకి కట్టిన పాటలు. ఆ పాటకే నాలుగు నెలల ముందు ఆస్కార్ అందుకున్నాడు. హక్కులు మాత్రం ఎంజీఎం కంపెనీవి. వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో అంతమంది ముందు పాడిన ఆ పాటల్ని సినిమాలోంచి తీసేసి, విడిగా సెట్టు వేసి ఇంకో పాట తీసి అతికించారు. తన పాటని తన జనం ముందు పాడిన సంగతి తెరమీద చూడటానికి 2003లో కొత్త ప్రతి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. స్టాక్స్ కంపెనీ అంతకు చాలాముందే, 1975 డిసెంబరులో, దివాలా తీసింది. వాట్‌స్టాక్స్ ని సంబరంగా తలుచుకునేవాళ్లు ఈ రెండు సంగతుల్నీ చివర్లో చిన్న అక్షరాల్లో రాస్తారు. నాకైతే అవే అసలు కథలో భాగం.

'సోల్ పవర్' గురించి కూడా రెండు ముక్కలు. 1974 సెప్టెంబరులో కిన్షాసాలో మూడు రాత్రుల కచేరీ. ముహమ్మద్ అలీ, ఫోర్‌మన్ పోటీకి తోడుగా పెట్టింది. ఫోర్‌మన్ కంటికి దెబ్బ తగిలి పోటీ వాయిదా పడింది, కచేరీ మాత్రం ఆగలేదు. అలీ పేరు వింటే మా ఇళ్లల్లో ముసలివాళ్ల మొహాలు వెలిగేవి గనక నేనాయన కోసమే ఈ సినిమాకి కూచున్నాను. చూశాక గుర్తుండిపోయింది మాత్రం వేదిక కట్టడం. చాలాసేపు ఆ పనే కనపడుతుంది. కర్రలు, తాళ్లు, కరెంటు తీగలు, డబ్బు లెక్కలు, ఫోన్లు, వాదులాటలు. 2008లో ఈ సినిమా కట్టినాయన జెఫ్రీ లెవీ హింటే అదంతా ఓపిగ్గా ఉంచాడు. కచేరీ మొదలవడానికి ముందు ఎంతమంది చేతులు కాయలు కాశాయో చూపించాడు.

ఇక బియాన్సే. ఇక్కడికొచ్చేసరికి లెక్క మారుతుంది. ఇన్నాళ్లూ పాడేది ఒకరు, తీసేది ఒకరు, దాచుకునేది ఒకరు. 2018 ఏప్రిల్‌లో కోచెల్లా ఉత్సవంలో ప్రధాన గాయనిగా నిలబడిన మొదటి నల్ల స్త్రీ ఆమె. ఆ రెండు వారాంతాల కచేరీని 2019లో 'హోమ్‌కమింగ్' పేరుతో తనే దర్శకత్వం వహించి నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేసింది. తెల్లవాళ్ల కాలేజీలు తలుపులు మూసిన రోజుల్లో నల్లవాళ్ల చదువు కోసం పుట్టిన కాలేజీలు అమెరికాలో ఉన్నాయి. వాటి బ్యాండు మేళాల్ని, వాటి ఆటపాటల్ని ఎడారిలో జరిగే ఆ ఖరీదైన ఉత్సవానికి తెచ్చి నిలబెట్టింది. ఆ కాలేజీలకీ పాటకీ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. నాష్‌విల్‌లోని ఫిస్క్ కాలేజీ డబ్బుల్లేక మూతపడబోతే 1871లో విద్యార్థులే బృందంగా బయలుదేరి ఊరూరా పాడారు. వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లు. ఆ పాటల మీద వచ్చిన డబ్బుతో జూబిలీ హాల్ కట్టారు. గొంతులు పెట్టి ఇటుకలు కొన్నారు. 'హోమ్‌కమింగ్'లో ఇత్తడి బూరాలు మోగినప్పుడు నాకు ఆ ఇటుకలు గుర్తొస్తాయి.

ఈ సినిమాలో రిహార్సల్‌కి ఇచ్చిన చోటు చూడాలి. బ్యాండుతో నాలుగు నెలలు, నాట్యకారులతో నాలుగు నెలలు. వేదిక మీద దాదాపు రెండొందల మంది. ఆమెకి అంతకు ముందటేడు జూన్‌లో కవలలు పుట్టారు. రక్తపోటు పెరిగి, కడుపు కోసి తీశారు. పిల్లలకి పాలివ్వాల్సిన ఒళ్లు, కండరాలు పట్టేసే ఒళ్లు, మాట వినని ఒళ్లు. మనసు పిల్లల దగ్గర, కాళ్లు సాధనలో. ఇదంతా దాచలేదు. ఇంకో మాయ కూడా ఉంది. ఒక వారాంతం పసుపు దుస్తులు, ఇంకో వారాంతం గులాబీరంగు. ఎడిటింగ్‌లో ఒక అడుగు పసుపులో వేస్తే మరుసటి అడుగు గులాబీలో పడుతుంది. తాళం తప్పదు, చెయ్యి ఎత్తే కోణం మారదు. రెండొందల మంది వారం తేడాతో అదే పని అలాగే చేశారు. పుట్టుకతో వచ్చిందనేవాళ్లకి ఇంతకంటే సూటి జవాబు నేను చూడలేదు.

అయితే ఇక్కడా నా అనుమానం నాకుంది. శ్రమని చూపించేది యజమానే అయినప్పుడు ఎవరి శ్రమ కనపడుతుంది? ప్రతి ఒక్కరినీ తానే ఎంచుకున్నానని ఆమె అంటుంది. నిజమే కావొచ్చు. కానీ సాధనలో ఎవరి మోకాలు వాచింది, ఎవరికి ఎంత ముట్టింది, ఎవరు మధ్యలో వదిలి వెళ్లారు - ఇవేవీ ఉండవు. ఎనిమిది నెలల కష్టమంతా ఒక్క మనిషి పట్టుదలగా మారిపోతుంది. చివర్లో పేర్లు వచ్చేవేళకి నెట్‌ఫ్లిక్స్ తెరని మూలకి తోసి ఇంకేం చూస్తారని అడుగుతుంది. ఆ రెండొందల మంది పేర్లు చదవాలంటే మనమే పనిగట్టుకుని ఆపుకోవాలి. 2023 డిసెంబరులో వచ్చిన 'రెనసాన్స్' సినిమాలో సిబ్బందికి చోటు పెరిగింది. వేదిక మోసేవాళ్లకి కూడా వెండిరంగు దుస్తులు తొడిగి వెలుగులోకి తెచ్చింది. ఒక ఊళ్లో శబ్దం ఆగిపోయి, తెర వెనక పరుగులు పెట్టిన నిమిషాల్ని కూడా ఉంచింది. ఆ నిమిషాలు మొత్తం సినిమాలోకి విలువైనవని నా అభిప్రాయం. కూలివాడికి మెరిసే చొక్కా తొడగడం వేరు, కూలివాడి నోట మాట వినిపించడం వేరు. అంతమాత్రాన ఆమె చేసింది తక్కువని కాదు. రీళ్లు ఆమె దగ్గరున్నాయి. ఐజాక్ హేస్‌కి జరిగింది ఆమెకి జరగదు.

మళ్లీ ఆ చర్చికి వెళదాం.

1972 జనవరి 13, 14. వాట్‌స్టాక్స్‌కి ఏడు నెలల ముందు, అదే వాట్స్ పేటలో, న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి. అరెతాకి 29 ఏళ్లు. అప్పటికే పెద్ద గాయని. చిన్నప్పుడు తండ్రి చర్చిలో పాడిన గాస్పెల్ పాటల్ని మళ్లీ పాడి రికార్డు చేయాలనుకుంది. రెండు రాత్రులూ ఆమె దాదాపు మాట్లాడదు. మాటలన్నీ రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌వి. వెనక వెండిరంగు జాకెట్లలో క్వయర్, వాళ్లని నడిపించే అలెగ్జాండర్ హామిల్టన్. ఒక పక్క బెర్నార్డ్ పర్డీ డ్రమ్స్, చక్ రైనీ బేస్, కార్నెల్ డుప్రీ గిటార్. నా కన్ను ఎప్పటిలాగే వెనకవరస మీద ఉంటుంది. హామిల్టన్ చేతులు గాలిని పిసుకుతుంటాయి. ఆమె ఎటు మళ్లితే అటు, అరక్షణం ఆలస్యం కాకుండా క్వయర్ మళ్లుతుంది. ఒక్కోసారి ఆమె గొంతు విని క్వయర్‌లో వాళ్లే తట్టుకోలేక లేచి నిలబడతారు. అయినా తమ వంతు రాగానే అందుకుంటారు. సినిమాకి పేరిచ్చిన పాట దగ్గర క్లీవ్‌లాండ్ మొహం కప్పుకుని ఏడ్చేశాడు.

తీసింది వార్నర్ బ్రదర్స్ కోసం సిడ్నీ పొలాక్. పెద్ద దర్శకుడు, కథాచిత్రాల మనిషి. క్లాప్ కొట్టించలేదు. క్లాప్ లేకపోతే ఏ రీలు ఏ శబ్దంతో కలపాలో తెలీదు. ఇరవై గంటల ఫిల్ము పెట్టెల్లో పడిపోయింది. రికార్డు మాత్రం అదే ఏడాది వచ్చి, ఆమె జీవితంలోకెల్లా ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బం అయింది. సినిమా సెట్టు మీద క్లాప్ కొట్టడం చిన్న పనిలాగే కనపడుతుంది. ఆ పని చేసేవాడు లేక ఇంత పెద్ద సినిమా పెట్టెలో పడిందంటే ఏ పని చిన్నదో ఏది పెద్దదో ఎవరు చెప్పాలి?

2007లో అలన్ ఎలియట్ అనే నిర్మాత ఆ ఫిల్ముని కొన్నాడు. కంప్యూటర్ల సాయంతో బొమ్మకీ పాటకీ జత కుదిర్చారు. అప్పుడు అరెతా వద్దంది. 2011లో కోర్టుకెళ్లింది. 2015 సెప్టెంబరులో టెల్యురైడ్ చిత్రోత్సవంలో వేయబోతుంటే కోర్టు ఆపించింది. నా గొంతు, నా బొమ్మ, నా అనుమతి లేకుండా ఎలా వేస్తారని ఆమె వాదన. సినిమా బాగోలేదని కాదు. 2018 ఆగస్టు 16న ఆమె చనిపోయింది. కుటుంబం ఒప్పుకుంది. నవంబరు 12న న్యూయార్క్‌లో మొదటి ఆట పడింది. మధ్యలో గట్టిగా మూడు నెలలు కూడా లేవు.

సినిమా విడుదలైనప్పుడు విమర్శకులంతా వరం దొరికినట్టు రాశారు. చూసినవాడికి అలాగే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. నల్లవాళ్ల సంస్కృతిని, నల్లవాళ్ల పనిని ఇంత దగ్గరగా, ఇంత గౌరవంగా చూపిన కచేరీ సినిమా నేను ఇంకోటి చూడలేదు. కానీ ఆమె బతికున్నంతకాలం మన చేతికి దీన్ని ఇవ్వలేదు. ఆమె కాదన్నదాన్ని ఆమె పోయాక చూస్తూ ఆమె శ్రమని గౌరవిస్తున్నానని నేనెలా చెప్పుకోను? కుటుంబం ఒప్పుకుంది కదా అనొచ్చు. ఆ లెక్క కాగితం మీద సరిపోతుంది. చూశాను. మళ్లీ చూస్తాను కూడా. కానీ తండ్రి ఆ చెమట తుడిచినప్పుడల్లా అది చూసే హక్కు నాకెవరిచ్చారనే మాట కడుపులో తిరుగుతూనే ఉంటుంది.

ఆమె 'కాదు'ని మొండితనం కింద, డబ్బాశ కింద రాసినవాళ్లున్నారు. అరెతా పాడటానికి ముందే డబ్బు రొక్కంగా చేతిలో పెట్టాలనేది, ఆ డబ్బున్న పర్సు పాడేటప్పుడు కళ్లెదుట ఉండాలనేది అందరికీ తెలిసిన సంగతి. దీన్ని నవ్వులాటగా చెబుతారు. ఆమెకన్నా ముందు తరం నల్ల గాయకులు ఎంతమంది కచేరీ అయ్యాక వెనక గదిలోకెళ్లి కూలీ అడిగితే ఖాళీ చేతులతో వెనక్కి వచ్చారో గుర్తు పెట్టుకున్నవాళ్లకి అందులో నవ్వుకునేందుకేమీ ఉండదు.

టెల్యురైడ్‌లో కోర్టు ఆ ఆట ఆపించిన మూడు నెలలకి, 2015 డిసెంబరులో, వాషింగ్టన్‌లోని కెన్నెడీ సెంటర్లో ఒక సన్మాన సభ జరిగింది. మేడమీద దేశాధ్యక్షుడు ఒబామా కూచుని ఉన్నాడు. చుట్టూ టీవీ కెమెరాలు. పొడుగాటి బొచ్చుకోటు వేసుకుని 73 ఏళ్ల అరెతా వేదిక మీదికి నడిచొచ్చింది. చేతిలో పర్సు. దాన్ని తీసుకెళ్లి పియానో మీద, తనకి కనపడేచోట పెట్టింది. తర్వాత కూచుంది. పాట మొదలెట్టింది.